అడగాల కదా, బావూ

మా ఇంట్లో ‘క్యాంపు’ అనే మాటకి ఒకటే అర్థం ఉండేది. నాన్న విజయనగరంలో ప్రభుత్వాఫీసులో గుమాస్తా. ఆఫీసరుగారు ఊళ్లు తిరగడానికి వెళ్తే ఫైళ్లు పట్టుకుని ఆయన వెనకే నాన్నా వెళ్లాలి. గుమ్మంలోకి ఎవరైనా వచ్చి అడిగితే అమ్మ, “క్యాంపుకెళ్లారండీ, ఎల్లుండి వస్తారు” అనేది. టెంట్లు వేసుకుని, చుట్టూ కూర్చుని, మంట వేసుకుని పాటలు పాడటాన్ని కూడా క్యాంపు అంటారని నాకు ఇంజనీరింగులో చేరాకే తెలిసింది.

ఈ రెండు క్యాంపులకీ ఏదో చుట్టరికం ఉందని తెలియడానికి మరో పదేళ్లు పట్టింది. తెలియజెప్పింది ఒక సవర ముసలామె.

నాలుగేళ్ల క్రితం కార్తీకమాసంలో బెంగుళూరు నుంచి ఐదుగురం వచ్చాం. సీతంపేట దాటాక కొండల్లో, ఒక గెడ్డ పక్కన రెండు టెంట్లు వేశాం. రాత్రి చలి. గట్టు మీద ఎండు కట్టెలు మోపులుగా పడి ఉన్నాయి. అడవి కదా, అడవిలో కట్టెలు కాక ఏముంటాయి అనుకున్నాం. రెండు మోపులు కాల్చేశాం. స్పీకరు పెట్టుకున్నాం. పొద్దున్న టీ కాచుకుంటూ ఉంటే ఆమె వచ్చి బూడిద వైపు చూసింది.

“కట్టెలు మీరేనేటి బావూ కాల్చినారు?”

అది ఆమె రెండు రోజుల పని అట. సంతకి మోసుకుపోవాలట. మేం గబగబా ఐదు వందల నోటు తీసిచ్చాం. తీసుకుంది. కట్టెల ఖరీదుకన్నా అది ఎక్కువేనేమో. కానీ వెళ్తూ వెళ్తూ, కోపం లేకుండా, పిల్లలకి చెప్పినట్టు ఒక మాట అంది: “అడగాల కదా, బావూ.”

తర్వాత ఆ మాట నన్ను వదల్లేదు. నేను చరిత్రకారుణ్ణి కాను. కానీ చదివే అలవాటు ఉంది. మా ప్రాంతంలో బయటివాళ్లు వచ్చి డేరా వేసిన కథలన్నీ ఈ ఒక్క ప్రశ్నతో మళ్లీ చదువుకుంటూ వచ్చాను: వీళ్లు అడిగారా?

*

ముందు మాటల సంగతి. పరాయిచోట ఆగడానికి తెలుగులో బోలెడు మాటలున్నాయి. మజిలీ, మకాం, డేరా మనకి తురకల పాలనలో వచ్చి, ఇంట్లోవే అయిపోయాయి. విడిది, బస ఎప్పటినుంచో వాడుకలో ఉన్నాయి. ఒక్కోదానికీ ఒక్కో మర్యాద ఉంది. విడిది అనగానే ఎదుట ఒక ఇంటివాడు కనిపిస్తాడు. పెళ్లివారికి విడిది ఇవ్వాలి, నీళ్లు తోడించాలి, కాఫీలు పంపాలి. మజిలీ అంటే రేపు పొద్దున్నే వెళ్లిపోతాడని అర్థం. అదే “వాడు ఇక్కడే మకాం వేశాడు” అన్నామంటే, ఇక లేవడేమో అన్న విసుగు అందులోనే ఉంది. ‘కన్యాశుల్కం’ గిరీశం చేసింది ఈ మూడోదే. విజయనగరంలో అప్పులవాళ్లను తప్పించుకుని, శిష్యుడికి ఇంగ్లీషు చదువు చెప్పే వంకన కృష్ణరాయపురం అగ్రహారంలో మకాం వేస్తాడు. పెట్టిన ఇంటికే ఎసరు పెడతాడు. చెడ్డ అతిథి బొమ్మ కావాలంటే మా ఊరి రచయిత గీసినదానికన్నా మంచిది దొరకదు.

సత్రాలకైతే రాతపూర్వకంగానో నోటిమాటగానో రూల్సు ఉండేవి. మూడు రోజులకి మించి ఉండకూడదన్నది చాలా సత్రాల్లో ఇప్పటికీ వినిపించే మాట. అమెరికా నేషనల్ పార్కుల్లో ఒక క్యాంపుగ్రౌండులో సాధారణంగా పద్నాలుగు రోజులకి మించి ఉండనివ్వరని చదివినప్పుడు నవ్వొచ్చింది. సత్రం గుమాస్తాకీ పార్కు రేంజరుకీ ఉన్న బెంగ ఒకటే: మజిలీ మకాం అయిపోకూడదు.

*

తెలుగులో మజిలీల గురించి మాట్లాడాలంటే ఏనుగుల వీరాస్వామి దగ్గర మొదలెట్టాలి. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరు. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. వెంట దాదాపు వందమంది: బోయీలు, వంటవాళ్లు, పరిచారకులు, తోటి యాత్రికులు. దారిలో మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకి రాసి పంపినదే ‘కాశీయాత్ర చరిత్ర’, 1838లో అచ్చయింది. తిరుగు ప్రయాణం కలకత్తా, పూరీ జగన్నాథం మీదుగా, గంజాం దాటి మా వైపు సాగింది. శ్రీకాకుళం, విజయనగరం, సింహాచలం అన్నీ ఆ దారిలోవే.

ఆ పుస్తకాన్ని నేను మొదట్లో సగంలో వదిలేశాను. రోజూ అదే సంగతి: ఇవాళ ఫలానా ఊరు చేరాం, ఇన్ని ఇళ్లున్నాయి, అంగళ్లున్నాయా లేవా, నీళ్లు మంచివా కావా, దిగడానికి చోటుందా, దారి ఇసకా రాయా. ముసలామె మాట విన్నాక మళ్లీ చదివితే అదంతా ఇంకోలా కనిపించింది. వందమందితో ఒక పల్లెకి చేరిన మనిషికి ఆ పల్లె ఏం ఇవ్వగలదో తెలియాలి. యాభై ఇళ్ల ఊరు వందమందికి బియ్యం, కట్టెలు, నీళ్లు ఇవ్వలేదు. వీరాస్వామి రాసుకున్నది ఆ లెక్క. తర్వాత వచ్చే యాత్రికులకు పనికొస్తుందని రాశాడు. అందుకే ప్రకృతి వర్ణన కన్నా బావి వర్ణన ఎక్కువ.

ఆయన్ని ఆదర్శ అతిథి అని నేననను. సుప్రీంకోర్టు ఉద్యోగి అన్న హోదా పల్లకి కంటే ముందు నడిచేది. మోసే బోయీల భుజాల సంగతి ఉండనే ఉంది. కానీ తను ఎవరి నీళ్లు తాగుతున్నాడో ఆయనకి రోజూ తెలుసు. మేం నలభై లీటర్ల మినరల్ వాటర్ కార్లో వేసుకుని వెళ్లాం. మాకు ఆ గెడ్డ నీళ్లు ఎవరివో తెలుసుకోవాల్సిన అవసరమే కలగలేదు. పొద్దున్న షాంపూతో అందులోనే స్నానాలు చేశాం. దిగువన ఊరుంది.

*

వీరాస్వామి వెళ్లిన దారిలోనే ఇంకో రకం డేరాలు కూడా తిరుగుతుండేవి. నాన్న అనే ‘క్యాంపు’ పుట్టింది వాటిలోనే.

కంపెనీ కాలం నుంచీ కలెక్టరు, ఆయన కింది అధికారులు జమాబందీకనో తనిఖీకనో ఊరూరా డేరాలు వేసుకుని తిరిగేవారు. పెద్ద దొరలకి రెండు జతల డేరాలుండేవి. ఇవాళ ఒక దాంట్లో పడుకుంటే రెండోది రాత్రికి రాత్రి తర్వాతి మజిలీకి పోయేది. దొరగారు పొద్దున్న గుర్రమెక్కి అక్కడికి చేరేసరికి డేరా లేచి ఉంటుంది, బల్ల మీద టిఫిను ఉంటుంది. రాత్రికి రాత్రి దాన్ని మోసిందెవరు? ఊళ్లో బళ్లు, ఊళ్లో ఎడ్లు, ఊళ్లో మనుషులు. పాలు, గుడ్లు, కోళ్లు, కట్టెలు, గుర్రాలకి గడ్డి, వంటకి కుండలు కూడా ఊరే తేవాలి. డబ్బులివ్వాలని నిబంధనలు లేకపోలేదు. కానీ ఆ డబ్బు దొర చేతి నుంచి ఎన్ని చేతులు దాటి కోడిని పోగొట్టుకున్న మనిషి దాకా రావాలో ఊహించుకోవచ్చు.

దీనికి తెలుగులో ఒక మాట ఉంది: వెట్టి. మైదానంలో వెట్టి ఒక గ్రామోద్యోగం పేరు కూడా. కొండల మీద అది ఇంకా మోటుగా ఉండేది. అధికారి వస్తే మోయాలి, షావుకారు పిలిస్తే వెళ్లాలి, ఫారెస్టు వాళ్లకి మామూలు ఇవ్వాలి. అంటే మా ప్రాంతంలో క్యాంపు ఖర్చు చారిత్రకంగా ఇంటివాడి ఖాతాలోనే పడుతూ వచ్చింది. అతిథికి అడగాల్సిన పని లేదు. బంట్రోతు ముందే వచ్చి చెప్పి పోయేవాడు.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. సర్కారు గీత గీసి రిజర్వు ఫారెస్టు అన్న చోట చెట్టు కొట్టడం, పశువుల్ని మేపడం, నిప్పు పెట్టడం, వేటాడటం నేరాలయ్యాయి. నిప్పు విషయంలో జాగ్రత్త తప్పేమీ కాదు, అడవికి మంచిదే. కానీ ఒక్కసారి తిప్పి చూడండి. పోడు చేసుకుని బతికే సవరలు, జాతాపులు ఆ కొండల మీద ఉన్నారు. బయటి నుంచి వచ్చినవాళ్లు వాళ్లకి రూల్సు పెట్టారు. అతిథే ఇంటివాడికి, నీ పొయ్యి ఇక్కడ పెట్టకూడదు అని చెప్పాడు. ఇవాళ మనం చదివే ‘అడవిలో పాటించవలసిన నియమాలు’ అన్న బోర్డుకి ముత్తాత ఆ చట్టమే.

*

ఇదే కొండలకి ఇంకో రకంగా వెళ్లిన మనిషి కూడా ఉన్నాడు. గిడుగు రామమూర్తి. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టాడు. ఆ తేదీనే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో టీచరుగా చేరాడు. వ్యావహారిక భాషోద్యమం కథ అందరికీ తెలిసిందే. దానికి ముందు నుంచీ ఆయన చేస్తున్న పని సవర భాష నేర్చుకోవడం.

ఆయన కొండెక్కి డేరా వేయడంతో మొదలుపెట్టలేదు. తెలుగొచ్చిన ఒక సవర మనిషిని తన ఇంట్లో ఉంచుకుని, ఆయన దగ్గర భాష నేర్చుకున్నాడు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఒక బ్రాహ్మణ బడిపంతులు ఇంట్లో ఇది ఎంత మాటో వేరే చెప్పక్కర్లేదు. కొండల్లోకి వెళ్లడం ఆ తర్వాత. అక్కడ చలిజ్వరం. దానికి క్వినైను. క్వినైనుకి చెవులు పోయాయి. భాష విందామని వెళ్లిన మనిషికి వినికిడి పోయింది. అయినా ఆపలేదు. సవరలో వాచకాలు, పాటలు, కథలు రాశాడు. సొంత ఖర్చుతో సవర పిల్లలకి బళ్లు పెట్టాడు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరల భాషలోనే పాఠాలు చెప్పే బడి పెట్టించమన్నాడని చెబుతారు. సవర భాష గురించిన ఆయన పెద్ద గ్రంథం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. అంటే దాదాపు నలభై ఏళ్ల పని.

మనలో ఎవరికీ నలభై ఏళ్లు లేవు, శని ఆదివారాలే ఉన్నాయి. గిడుగుతో పోల్చుకుని సిగ్గుపడమని నేను చెప్పడం లేదు. కానీ ఆయన పనిలో ఒక వరస ఉంది, అది ఎవరైనా పాటించదగ్గది. ముందు వాళ్ల మాట నేర్చుకున్నాడు. ఆ తర్వాత వాళ్ల ఇంటికి వెళ్లాడు. ఊరికే ‘అడగాలి’ అంటే సరిపోదు. ఏ భాషలో అడుగుతాం, జవాబు అర్థమవుతుందా అన్నది కూడా ఉంటుంది.

*

1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభ. దానికి వెళ్తున్న వాళ్ల మీద దారిలో లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. శ్రీకాకుళ పోరాటం అనగానే చరిత్ర పుస్తకాలు ఇక్కడినుంచి మొదలుపెడతాయి. తర్వాత నడిచిన సాయుధ రాజకీయం మీద ఎవరి అభిప్రాయం వాళ్లది, ఆ చర్చ ఇక్కడ చెయ్యను. నేను చూసింది అంతకుముందు గిరిజన సంఘం పెట్టుకున్న కోరికలు. వెట్టి పోవాలి. పోడు భూమి మీద హక్కు కావాలి. అడవిలో ఏరుకొచ్చిన చింతపండుకీ, అడ్డాకులకీ సరైన ధర కావాలి. కూలి పెరగాలి. వీటిలో సగం, పరాయివాళ్లు ఆ కొండల మీద ఎలా నడుచుకోవాలో చెప్పే నియమాలే. అతిథుల కోసం ఇంటివాళ్లు రాసిన రూల్సు అనుకుని వాటిని చదవచ్చు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కూడా వచ్చింది. అది మాత్రం పాత పద్ధతిలో, ఇంటివాళ్ల కోసం బయటివాళ్లు రాసిన రూల్సు.

ఆ రెండు జాబితాలూ ఒకదానికొకటి ఎదురుపడటానికి చాలా కాలం పట్టింది. షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభకి మాట ఉంటుందని చెప్పిన పెసా చట్టం 1996లో, అడవి మీద అక్కడివాళ్ల హక్కుల్ని గుర్తించిన చట్టం 2006లో వచ్చాయి. అమలు సంగతి ఎలా ఉన్నా, అడవికి ఇంటివాళ్లున్నారని కాగితం మీదైనా ఒప్పుకున్నారు.

*

అమెరికా క్యాంపుగ్రౌండు రూల్సు చదివింది ఈ మధ్యే, ఆఫీసు పని మీద కాలిఫోర్నియా వెళ్లినప్పుడు. చక్కటి రూల్సు. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా గొడవ చెయ్యకూడదు. నేల తవ్వకూడదు, చదును చెయ్యకూడదు. వెళ్లేటప్పుడు చెత్త, సామాను ఏదీ వదలకూడదు. పారే నీటికి వంద అడుగుల లోపల టెంటు వెయ్యకూడదు. ఎలుగుబంట్లు ఉన్నచోట తిండి ఇనప పెట్టెలో పెట్టి తాళం వెయ్యాలి. ఒక్కోటి చదువుతుంటే మేం సీతంపేట కొండల్లో చేసినవన్నీ వరసగా గుర్తొచ్చాయి.

అక్కడ ‘క్యాంప్ హోస్ట్’ అని ఒకాయన ఉంటాడు. సాధారణంగా రిటైరైన వలంటీరు, తన బండిలోనే ఉంటూ కొత్తవాళ్లకి సాయం చేస్తాడు. హోస్ట్ అంటే ఇంటివాడనే కదా అర్థం. మరి అసలు ఇంటివాళ్లేరి? యోసెమిటీ లోయలో ఉండే అహ్వానీచీ జనం మీదికి 1851లో మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం వెళ్లింది. 1864లో ఆ లోయని ప్రజల విహారం కోసమని కేటాయించారు. 1890లో నేషనల్ పార్కు అయింది. లోయలో మిగిలిన ఆఖరి ఇండియన్ ఊరి ఇళ్లను 1969లో పార్కువాళ్లే తీసేశారు. ఆ రూల్సులో తోటి క్యాంపర్లున్నారు, ఎలుగుబంట్లున్నాయి, చెట్లున్నాయి, ఏరుంది. లేనిదల్లా అడగాల్సిన మనిషి. ఆ మనిషిని ముందే పంపేశారు కాబట్టి ఆ రూలు రాయాల్సిన అవసరం రాలేదు.

మన దగ్గర ఆ మనిషి ఇంకా ఉంది. పొద్దున్నే వచ్చి బూడిద వైపు చూస్తుంది.

కాబట్టి ఆ రూల్సుని ఉన్నవున్నట్టు తెచ్చి మన కొండల మీద బోర్డు కడితే సరిపోదు. వాటికి ఇక్కడి కారణాలు చెప్పుకోవాలి. ఫారెస్టు డిపార్టుమెంటు అనుమతి ఎలాగూ కావాలి, దాంతోపాటు ఊళ్లోకి వెళ్లి పెద్దవాళ్లకి చెప్పాలి. నీటి దగ్గర సబ్బు వాడకూడదు, ఎందుకంటే గెడ్డ దిగువ ఊరికి బావి. రాత్రి స్పీకరు వద్దు. ఊరివాళ్ల నిద్ర ఒక కారణం. ఇంకోటి, కొన్నేళ్లుగా ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగులు ఈ కొండల్లో తిరుగుతున్నాయి, మనుషులు చచ్చిపోయారు కూడా. తిండి బయట పారేస్తే మనం పొద్దున్నే వెళ్లిపోతాం, వాసనకి వచ్చిన జంతువు ఊళ్లోవాళ్లకి మిగులుతుంది. కట్టెలు కొనుక్కోవాలి. సవరలకి కొత్తల పండగలుంటాయి. మామిడి కొత్త అయ్యేదాకా మామిడి ముట్టరు, కంది కొత్త అయ్యేదాకా కంది తినరు. వాళ్లే ఆగి ఉన్నప్పుడు, దారిన పోతూ మనం కాయ కోసుకుని కొరకడం ఎంత అమర్యాదో ఆలోచించండి.

మన వనభోజనాల్లో ఈ మర్యాద సగం ఉండేది. ఉసిరిచెట్టు కింద అడ్డాకు విస్తళ్లలో తిని, అక్కడే వదిలేసినా మట్టిలో కలిసిపోయేవి. ఆ ఆకులు కూడా ఈ కొండల మీద సవర, జాతాపు ఆడవాళ్లు కోసి తెచ్చినవే. ఇప్పుడు అడ్డాకు కోసే కొండ మీదికే మనం థర్మాకోల్ ప్లేట్లు మోసుకెళ్తున్నాం.

*

పోయిన కార్తీకంలో మళ్లీ వెళ్లాం. ఈసారి ముగ్గురమే. మధ్యాహ్నమే చేరుకుని, టెంట్లు కార్లోనే ఉంచి ఊళ్లోకి నడిచాం. కట్టెల ముసలామె ఒక అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టలేదు, నేను గుర్తు చేశాను. నవ్వింది. రాత్రికి గెడ్డ దగ్గర పడుకోవచ్చా అని అడిగాం. ఆమె లోపలికి కేకేసింది. ఇద్దరు పెద్దవాళ్లు వచ్చారు. వాళ్లలో వాళ్లు సవరలో మాట్లాడుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

“ఈ రాత్రికి వద్దు బావూ” అన్నాడు ఒకాయన. ఎందుకో చెప్పలేదు.

రాత్రి సీతంపేట వచ్చి ఒక గదిలో పడుకున్నాం. నా స్నేహితుడికి కాస్త చిరాకుగానే ఉంది, బెంగుళూరు నుంచి ఇంత దూరం వచ్చి దోమల్లో పడుకోవడమేంటని. నాక్కూడా ఉంది. కానీ అడగడం అంటే ఇదే కదా అనిపించింది. వద్దు అన్నప్పుడు లేచి రావడం కూడా అందులో ఉంది. నూట యాభై ఏళ్లుగా ఆ కొండల మీదికి వచ్చిన క్యాంపుల్లో ఎన్నిటికి ఆ మాట చెప్పగలిగారో నాకు తెలీదు. మాకు చెప్పారు.